గోడ వెనక చీరల కొట్టు

నా కూతురు గోడ వైపు తిరిగింది. ఆ తిరగడంలోనే ఫోన్‌లో బొమ్మ ఒక్కసారి తడబడి, ఆగి, మళ్ళీ కదిలింది. ప్రమాదం ఉందని నాకు అప్పుడే తెలిసింది.

మే నెల, ఆదివారం మధ్యాహ్నం. ఏడేళ్ళ పిల్ల హాల్లో కూలర్ ముందు బోర్లా పడుకుని, ఆఫీసు నుంచి నేను తెచ్చిన చౌక ఫోన్‌లో మేం తయారుచేస్తున్న ఆట ఆడుతోంది. నాలుగేళ్ళ తమ్ముడు దాని భుజం మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. నేను పక్కనే కూర్చుని బెండకాయలు తరుగుతూ ఓ కన్ను వాళ్ళ మీద వేశాను. ఆటలో నా కూతురు ఒక పాత మూడంతస్తుల ఇంటి మెట్ల మీద నిలబడి ఉంది. ఎదురుగా ఉన్నది వట్టి సున్నం గోడ. దాని మీద ఒక స్విచ్‌బోర్డు, పైన గాలి కోసం చిన్న సిమెంటు జాలీ, అంతే. చూడ్డానికి ఏమీ లేనిచోట ఫోన్‌కి ఆయాసం ఎందుకు రావాలి?

పక్కగదిలో ఆడుకుంటున్న పిల్లలు ఉన్నట్టుండి నిశ్శబ్దమైపోతే తల్లి ఎలా లేచి చూస్తుందో, నేనలా ఫోన్ మీదకి వంగాను.

"అమ్మా, నేనేం చెయ్యలేదు. అదే ఆగింది," అంది నా కూతురు, నా మొహం చూసి.

"నువ్వేం చెయ్యలేదులే. ఇంకోసారి అటు తిరుగు."

తిరిగింది. స్క్రీన్ మూలన ఉండే పచ్చ అంకె ముప్పై నుంచి పద్నాలుగుకి పడింది. ఇటు వీధి గుమ్మం వైపు తిప్పితే మళ్ళీ ముప్పై. గోడ వైపు తిప్పితే పద్నాలుగు. ఫోన్ అందుకుంటే వెనక వైపు వేడిగా తగిలింది. ముందు ఇద్దరి అరచేతులూ తిప్పి చూశాను. ఏమీ కాలేదు. "ఇవాళ్టికి చాలు" అంటే ఇద్దరూ ఒకేసారి ఏడుపు ఎత్తుకున్నారు.

ఆ పచ్చ అంకె సంగతి చెప్పాలి. సినిమా అయితే ముందే తీసి పెట్టుకున్న బొమ్మలు వరసగా నడుస్తాయి. ఆటలో అలా కాదు. ఆడేవాళ్ళు ఎటు తిరుగుతారో ఎవరికీ తెలియదు కాబట్టి, వాళ్ళకు కనిపించేదాన్ని ఫోన్ అప్పటికప్పుడు గీసుకోవాలి. అలా గీసిన ఒక్కో బొమ్మని ఫ్రేమ్ అంటాం. సెకనుకి ముప్పై ఫ్రేములు గీయగలిగితే కంటికి కదలిక నునుపుగా ఉంటుంది. పద్నాలుగంటే ఆట కుంటుతున్నట్టు. కొత్త ఖరీదైన ఫోన్లలో ఈ బాధ తెలియదు. మా ఆట ఆడేవాళ్ళలో చాలామంది దగ్గర ఉండేది నా కూతురి చేతిలో ఉన్నలాంటి ఫోనే.

నేను విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక చిన్న గేమ్స్ కంపెనీలో పనిచేస్తాను. ఆటల్లో కనిపించే ఇళ్ళు, గదులు, వాటిలో సామాను కంప్యూటర్ మీద కట్టడం నా పని. బీటెక్ అయ్యాక ఇదే పనిలో చేరాను. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు మానేసి, మూడేళ్ళు ఇంట్లో ఉండి, కిందటేడు మళ్ళీ చేరాను. చేరిన కొత్తలో బల్లలు, బిందెలు, తలుపు గొళ్ళేలు ఇచ్చారు. ఎనిమిది నెలల క్రితం మొదటిసారి ఒక గది పూర్తిగా నాకే అప్పజెప్పారు. అది వన్ టౌన్‌లో ఉండేలాంటి పాత చీరల కొట్టు. ఆటలో కథ ఏంటంటే, తెల్లారితే పెళ్ళి, పెళ్ళికూతురి చీర వేరే కట్టల్లో కలిసిపోయింది. ఆడేవాళ్ళు ఇల్లంతా తిరిగి, కొట్టులో చెయ్యి అందే అరలు గాలించి, ఒక్కో చీర మడత విప్పి చూస్తూ దాన్ని పట్టుకోవాలి. ఆ మెట్ల గోడ వెనక ఉన్నది ఆ కొట్టే.

సోమవారం పొద్దున్న మా టీమ్ లీడ్ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆవిడది గుణదల. రోజూ చర్చికి వెళ్ళి గాని ఆఫీసుకి రారు. కోప్పడరు, అదే భయం.

"ఎక్కడ పడుతోందమ్మా?"

"మెట్ల మీదండీ. గోడ చూస్తుంటే."

"కొట్టు చూస్తే పడిందంటే అర్థం ఉంది. గోడ చూస్తే పడటమేంటి?"

"గోడ వెనక కొట్టుంది కదండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే, మధ్యలో గోడ ఉందని ఫోన్‌కి తెలీట్లేదు. కనపడని కొట్టుని కూడా మొత్తం గీసి, దాని మీద గోడ గీస్తోంది."

"అవునండీ."

"నీకు తెలుసుగా, శనివారం ఆట బిల్డ్ బయటికి పంపాలి. శుక్రవారం సాయంత్రానికి ఈ ఫోన్‌లో ముప్పై నిలబడాలి. లేకపోతే..." అని ఆవిడ కంప్యూటర్‌లో ఒక ఫైలు తెరిచారు. బూడిదరంగు ఇనుప షట్టర్. కింద తాళం కూడా ఉంది. "కొట్టు గుమ్మానికి ఇది దించేద్దాం. చీర పైగదిలో బీరువాలో దొరికినట్టు కథ మారుస్తారు. ఎంతసేపు, గంట పని."

అంటే నా కోసం షట్టర్ ముందే చేయించి పెట్టారు. నా ఎనిమిది నెలల పనికి తాళం గంటలో పడుతుంది. ఆ గది పోతే ఆటలో నేను చేసినవంటూ మిగిలేవి మెట్లు, స్విచ్‌బోర్డు. ఇద్దరు పిల్లల తల్లికి ఇంకో గది అప్పజెప్పే ముందు ఎవరైనా ఈ గదిని గుర్తు చేసుకుంటారు. ఇదంతా నేను అక్కడ నిలబడి అనుకున్నాను, పైకి మాత్రం "నిలబడుతుందండీ" అన్నాను.

"ప్రార్థన చేస్తే ఫ్రేములు పెరగవమ్మా," అన్నారు ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంటూ. "నేను చేసి చూశాను."

నేను భయస్తురాలిని. గ్యాస్ కట్టేశానా లేదా అని లిఫ్టు దగ్గర నుంచి వెనక్కి వస్తాను. పిల్లలు పడుకున్నాక వాళ్ళ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. ఇప్పుడు ఇది రాస్తూ కూడా రెండుసార్లు లేచి చూసి వచ్చాను. అయితే ఇన్నేళ్ళకి నాకు తెలిసిందేమిటంటే, ఈ పనిలో భయం పనికొస్తుంది. ధైర్యవంతులు ఒకసారి చూసి బాగానే ఉందంటారు. నేను నాలుగోసారి కూడా చూస్తాను. తప్పు ఎక్కువగా నాలుగోసారే దొరుకుతుంది.

ఆ రోజు కూడా నాలుగోసారికి దొరికింది. ఏ గోడ వెనక ఉన్నదాన్ని గీయక్కరలేదో ముందే లెక్కకట్టి ఫోన్‌కి చెప్పే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఆ లెక్కకి కావలసింది కన్నం లేని గోడ. నా మెట్ల గోడకి పైన సిమెంటు జాలీ ఉంది. అందులో పదహారు కన్నాలు. వాటిలోంచి చూస్తే అవతల కొట్టు కనపడే అవకాశం ఉంది కాబట్టి, కనపడుతుందనే అనుకుని ఫోన్ కొట్టునంతా గీస్తోంది. కొట్టులోంచి గొడౌన్‌లోకి, గొడౌన్‌లోంచి పెరట్లోకి గుమ్మాల పైన కూడా జాలీలు పెట్టాను. వన్ టౌన్ ఇళ్ళకి అవి లేకపోతే ఇల్లులా ఉండదని పెట్టాను. ఒక్క గోడ చూస్తే చాలు, ఇల్లు మొత్తం గీస్తోంది పాపం ఆ ఫోన్.

జాలీలు తీసేస్తే సరిపోతుంది. తీసి చూశాను. మెట్ల గది జైలులా కనిపించింది. పైనుంచి పడే ఆ కాస్త వెలుతురే దానికి ప్రాణం.

సాయంత్రం ఇంటికొచ్చి పిల్లలకు అన్నం కలుపుతూ గొణుక్కుంటుంటే, అత్తయ్య విన్నారు. ఆవిడ పుట్టిల్లు వన్ టౌనే. నా ఉద్యోగాన్ని ఆవిడ "బొమ్మరిళ్ళ పని" అంటారు, ప్రేమగానే.

"జాలీకేమైంది?"

"కన్నాలున్నాయి అత్తయ్యా. వాటితో ఇబ్బందిగా ఉంది."

"కన్నాలుండవా మరి జాలీకి? వెనక కాయితం అంటించలేదూ?"

"కాయితమా?"

"మా ఇంట్లో అన్నిటికీ అంటించేవాళ్ళం. లేకపోతే రోడ్డు మీద తోపుడుబళ్ళు లేపిన దుమ్మంతా ఇంట్లోకే. నూనె కాయితమైతే వెలుతురు వస్తుంది, దుమ్ము రాదు. బొమ్మరిల్లు కట్టేటప్పుడు మాబోటి వాళ్ళని ఒక మాట అడగాలమ్మా." అని మనవడి వైపు తిరిగి, "మీ అమ్మకి ఇంజినీరింగ్ వచ్చు కానీ ఇల్లు రాదురా," అన్నారు. వాడు పకపకా నవ్వాడు, ఏం అర్థమైందో మరి.

మంగళవారం ప్రతి జాలీ వెనకా పసుపుపచ్చని నూనె కాగితం అతికించాను. కాగితం మీదే వెలుతురు బొమ్మ వేశాను. అవతల ఏముందో కనపడదు, అవతల పగలుందని మాత్రం తెలుస్తుంది. గోడకి ఇక కన్నం లేదు. మెట్ల మీద ఎటు తిరిగినా ముప్పై. నేను కుర్చీలో వెనక్కి వాలి, ఆ ఆనందంలో కొట్టు తలుపు తీసి లోపలికి వెళ్ళాను.

పద్దెనిమిది.

ఈసారి సాకు లేదు. కొట్టులో నిలబడ్డప్పుడు కొట్టుని గీయక తప్పదు. కొట్టు బరువంతా చీరలదే. మూడు గోడలకీ నేల నుంచి కప్పు దాకా చెక్క అరలు, వాటిలో నాలుగు వందల చీరలు. ఏ రెండూ ఒకలా ఉండవు. పైగా ఒక్కో చీరని నేను లోపలి మడతలతో సహా కట్టాను. మడతల మధ్య ఇరుక్కుపోయి ఎవరికీ కనపడని పొరల్లో కూడా అంచు ఉంటుంది, బుటా ఉంటుంది, కొంగు ఉంటుంది.

ఎందుకు చేశావని ఎవరైనా అడిగితే నా దగ్గర జవాబు ఉంది. మాది పెడన. మా తాత మగ్గం నేశాడు, నాన్న కూడా చిన్నప్పుడు నేసి, తరవాత వన్ టౌన్‌లో హోల్‌సేల్ చీరల కొట్టులో గుమాస్తాగా చేరాడు. మా ఇంట్లో నేను విన్న మొదటి తిట్టు "మడతలో దాచే రకం." పోగు తెగినచోట, నేత దెబ్బతిన్నచోట లోపలి మడతలోకి పోయేలా చీర మడిచి అమ్మేసేవాళ్ళని అనే మాట అది. పైన కనపడే మడత ఎంత శుభ్రంగా ఉందో విప్పితే లోపల కూడా అంతే శుభ్రంగా ఉండాలి. అలా పెరిగినదాన్ని, లోపల బోలుగా ఉండే చీర ఎలా చేస్తాను? కంప్యూటర్‌లో అయినా చేతులు రాలేదు.

లీడ్ నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు. తెర మీద ఒక చీరని విప్పి చూపించాను. ఆవిడ దగ్గరికి వంగి చూశారు.

"చాలా బాగుంది. ఇదే రోగం," అన్నారు. "ఈ లోపలివి ఎవరు చూస్తారమ్మా?"

"విప్పితే చూస్తారండీ."

"నాలుగొందలూ విప్పుతారా? మూడు గోడలకీ చీరల ఫొటో అంటించు, అరగంటలో అయిపోతుంది."

"పక్కకి జరిగితే ఫొటో అని తెలిసిపోతుందండీ. గోడకి క్యాలెండర్ వేసినట్టుంటుంది."

"అయితే షట్టర్," అని లేచారు. మళ్ళీ వెనక్కి తిరిగి, "శుక్రవారం దాకా టైముంది. ఇంకేమన్నా ఆలోచించు," అన్నారు.

బుధవారం పొద్దున్నే వన్ టౌన్ వెళ్ళాను. నాన్న పనిచేసే నిజం కొట్టుని మళ్ళీ ఒకసారి చూస్తే ఏదైనా తడుతుందేమోనని. సందు మొదట్లోనే ఆటో ఆపేశాడు. బట్టల బేళ్ళు ఎక్కించిన తోపుడుబళ్ళ మధ్య నుంచి నడిచి వెళ్ళేసరికి చెమటకి చున్నీ తడిసిపోయింది. నాన్న తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని, ముందురోజు విప్పి పడేసిన చీరలు మడుస్తున్నాడు.

"ఏంటే ఈ టైములో? పిల్లలేరీ?"

"అత్తయ్య దగ్గరున్నారు. చీరలు చూద్దామని వచ్చాను."

"ఎవరి పెళ్ళి?"

"పెళ్ళి కాదు నాన్నా. ఎలా పేర్చారో చూడాలి."

"పుట్టినప్పట్నుంచీ చూస్తానే ఉన్నావుగా, సరిపోలా?"

పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఫ్రేములు, ఫోన్ వేడెక్కడం, షట్టర్. నాన్నకి కంప్యూటర్ తెలియదు, కానీ అరల గురించి చెప్పినది మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నాలుగొందల చీరలకీ లోపలి నేత కూడా నేశావా?"

"నేశాను."

"ఒక్కదానివే?"

"ఒక్కదాన్నే."

నాన్న మడుస్తున్న చీర ఒళ్ళో పెట్టుకుని నన్ను చూశాడు. మెచ్చుకుంటాడనుకున్నాను. "నీకు నేయడం వచ్చింది కానీ కొట్టు పెట్టడం రాలేదే," అన్నాడు.

లేచి, నిచ్చెన గోడకి ఆనించి ఎక్కాడు. అన్నిటికంటే పై అరలోంచి మెరూన్ రంగు చీర ఒకటి లాగి, "పట్టుకో" అని నా మీదకి విసిరాడు. పట్టుచీర బరువుకి చేతులు సిద్ధం చేసుకున్నాను. బరువే లేదు. తిప్పి చూస్తే అట్ట. మందపాటి అట్టకి ముందు వైపు మాత్రం చీర ముక్క చుట్టి, వెనక సూదితో రెండు కుట్లు వేశారు. ఇంకోటి విసిరాడు, అదీ అట్టే. పై మూడు వరసలూ అట్టలే.

"ఇవి ఎప్పట్నుంచి ఉన్నాయి?"

"నువ్వు పుట్టకముందు నుంచి. కింద కూర్చున్నోళ్ళకి కొట్టు నిండుగా కనపడాల. అంత ఎత్తున నిజం చీర పెట్టామనుకో, దుమ్ము పడుద్ది, ఎలక కొరుకుద్ది, కప్పు వేడికి రంగు పోద్ది. దానికెందుకా బాధ?"

నాకు కోపం వచ్చింది. నవ్వు కూడా వచ్చింది. "మడతలో దాచే రకం అని ఊళ్ళో వాళ్ళందర్నీ తిట్టేవాడివి! ఇది మోసం కాదా?"

"ఎట్లా మోసం? పైది చూపించమని అడిగారనుకో, అవి అట్టలండీ అని చెప్తాం, ఆ రకమే కింద నుంచి తీసి చేతికిస్తాం. అట్టని చీరని చెప్పి అమ్మితే మోసం. గోడ నింపుకుంటే మోసమేంటే? చేతికిచ్చేదాంట్లో తేడా ఉండకూడదు. అంతే." నిచ్చెన దిగి, నా చేతిలోవి తీసుకుని దుమ్ము దులిపాడు. "ఇన్నేళ్ళు ఈ పరుపు మీద దొర్లావు. నీకెప్పుడన్నా అనుమానం వచ్చిందా?"

రాలేదు. బడి అయిపోయాక రోజూ అక్కడే కూర్చుని హోంవర్క్ చేసుకున్నాను. బోర్ కొడితే వెల్లకిలా పడుకుని పై అరల్లో రంగులు లెక్కపెట్టాను. ఆ మెరూన్‌ది నా పెళ్ళికి అడగాలని కూడా అనుకున్నాను. నేతపనివాళ్ళ ఇంట్లో పుట్టిన పిల్లనే కింద నుంచి చూసి నమ్మాను. ఇక ఫోన్ పట్టుకుని ఆడేవాళ్ళు ఎంత?

ఆఫీసుకి వెళ్ళే దారిలో ఆటోలోనే లెక్క వేసుకున్నాను. నా ఆటలో నిచ్చెన లేదు, మనిషి కిందికి వంగడు కూడా. మనిషి చెయ్యి అందేది మధ్య రెండు అరలకే. ఆ రెండింటిలో నలభై చీరలు. వాటిని అలాగే ఉంచాలి. అయితే అరలో ఉన్నంతసేపు లోపలి పొరలు గీయక్కరలేదు. ఆడేవాళ్ళు తీసి మడత విప్పబోయిన క్షణంలో లోపలి నేత వచ్చేస్తుంది, ఒక్క పోగు కూడా తగ్గకుండా. మిగతా మూడు వందల అరవై అట్టలు.

ఆ మధ్యాహ్నమే అట్ట తయారుచేశాను. ఆరు పలకల పెట్టె, ముందు వైపు మడతల గీతలున్న చీర బొమ్మ. రంగులన్నీ ఒకే పెద్ద కాగితం మీద పక్కపక్కనే వేసినట్టు ఒకే బొమ్మలో సర్దాను. అంతకుముందు ప్రతి చీరకీ విడివిడిగా రంగు ఉండటంతో, దీన్ని గీయి, ఇప్పుడు దీన్ని గీయి అని ఫోన్‌కి నాలుగు వందల సార్లు చెప్పాల్సి వచ్చేది. సగం సమయం చెప్పడానికే పోయేది. బడి రోజుల్లో పొద్దున్న నా గొంతు పోయేది కూడా ఇలాగే. సాక్సు వేసుకో, బాటిల్ తీసుకో, నువ్వు కూడా సాక్సు వేసుకో, నువ్వు కూడా బాటిల్ తీసుకో. ఇప్పుడు అట్టలన్నిటికీ కలిపి ఒక్క మాట చాలు.

గురువారమంతా పేర్చాను. ఏ అట్టా తిన్నగా పెట్టలేదు. ఒకటి కొంచెం ముందుకి, ఒకటి వాలుగా, ఒకచోట రెండు తీసేసినట్టు ఖాళీ. నాన్న ఎలా పేరుస్తాడో అలా. అట్టలు అట్టల్లా కనపడేది వాటిని మరీ బుద్ధిగా పేర్చినప్పుడే.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి లీడ్ ఫోన్ తీసుకుని వెళ్ళి పడమటి కిటికీ గట్టు మీద ఎండలో పెట్టారు. ఇది మా ఆఫీసులో పద్ధతి. ఏసీ గదిలో ఏ ఫోనైనా పరిగెడుతుంది. వేడెక్కాక ఫోన్ తనంతట తనే నెమ్మదిస్తుంది. విజయవాడలో మే నెలలో ఆడుకునే పిల్లల చేతిలో ఉండేది వేడెక్కిన ఫోనే. కాబట్టి దాన్ని ఆట నడుస్తుండగా ఎండలో ఇరవై నిమిషాలు ఉంచి అప్పుడు అంకె చూస్తాం. ఆ ఇరవై నిమిషాలూ నేను మంచినీళ్ళ డబ్బా దగ్గర నిలబడ్డాను. నాలుగు గ్లాసులు తాగాను.

ఆవిడ ఫోన్‌ని చేతిరుమాలుతో పట్టుకుని తెచ్చారు. వీధి గుమ్మం, ముప్పై. మెట్లు, ముప్పై. గోడ వైపు తిరిగి కావాలని అక్కడే నిలబడ్డారు, ముప్పై. కొట్టు తలుపు తీశారు. ముప్పై, ఇరవై తొమ్మిది, ముప్పై. అరల వెంబడి మెల్లగా నడిచారు. తల ఎత్తి పై వరసలు చూశారు. మధ్య అరలోంచి ఆకుపచ్చ చీర తీసి విప్పారు. లోపలి కొంగు పరుచుకుంటూ వచ్చింది. ఇరవై తొమ్మిది. ఎడమకి తిరిగారు.

ఇరవై ఒకటి.

"అద్దం," అన్నాను. ఆవిడకి మాత్రమే వినపడేంత నెమ్మదిగా.

చీర భుజాన వేసుకుని చూసుకోవడానికి కొట్లో నిలువుటద్దం పెట్టాను. అద్దంలో కొట్టంతా కనపడాలంటే ఫోన్ కొట్టుని రెండుసార్లు గీయాలి. చీరల గొడవలో పడి దాన్ని మర్చిపోయాను. ఎప్పుడూ నాలుగుసార్లు చూసేదాన్ని, అద్దం దగ్గర మాత్రం ఒక్కసారీ చూడలేదు.

"అద్దం ముఖ్యమా నీకు?" అన్నారు లీడ్.

ముఖ్యమే. దాని చట్రానికి చెక్కిన తీగలకి వారం పట్టింది. కానీ కథలో ఎవరూ అద్దంలో చూసుకోరు, చీర వెతుకుతారు. "కాదండీ," అన్నాను. నిలబడే కీబోర్డు మీదకి వంగి అద్దం తీసేశాను. ఆ ఖాళీలో ఒక దేవుడి క్యాలెండర్ వేలాడదీశాను. పది నిమిషాల పని. ఫోన్‌ని మళ్ళీ ఎండలో పెట్టారు, మళ్ళీ ఇరవై నిమిషాలు. ఈసారి నీళ్ళు తాగలేదు, ఆవిడ పక్కనే కూర్చున్నాను. మళ్ళీ తలుపు తీశారు. అన్ని గోడల వైపూ తిరిగారు. రెండుసార్లు తిరిగారు. ముప్పై, ముప్పై, ఇరవై తొమ్మిది, ముప్పై.

"ఆ పై వరసలు," అన్నారు ఆవిడ, "ఏం చేశావ్? నిజంవేనా?"

"అట్టలండీ."

"నేను కనిపెట్టలేకపోయాను." మౌస్ నా వైపు జరిపి, తెర మీద షట్టర్ ఫైలు చూపించారు. "నువ్వే డిలీట్ చెయ్యి."

చేశాను. నిజంగా డిలీట్ చెయ్యాలా అని కంప్యూటర్ అడిగింది. చెయ్యాలని చెప్పాను. ఇంటికి వెళ్తూ లిఫ్టు దగ్గర నుంచి ఒకసారి వెనక్కి వచ్చి, సేవ్ అయిందో లేదో చూసి మళ్ళీ వెళ్ళాను.

శనివారం పొద్దున్న పిల్లలిద్దరూ నాకంటే ముందే లేచి ఫోన్ కోసం దిండు కింద వెతుకుతున్నారు. వేడెక్కితే పక్కన పెట్టేయాలని మాట తీసుకుని ఇచ్చాను. నా కూతురు మెట్లెక్కి, కొట్టు తలుపు తీసి, తిన్నగా పై అర వైపు చూసింది. మెరూన్ రంగు దాని మీద వేలు పెట్టి నొక్కింది. తమ్ముడు కూడా నొక్కాడు. రాలేదు.

"అమ్మా, ఇది రావట్లేదేంటి? పాడైందా?"

"పాడవలేదు. అది చీర కాదు, అట్ట," అన్నాను. "తాతయ్య కొట్లో కూడా పైవన్నీ అట్టలే, ఈసారి వెళ్ళినప్పుడు దింపి చూపించమని అడగండి. మీ చెయ్యి అందేచోట ఉన్నవి మాత్రం అన్నీ చీరలే. ఏది తీసినా లోపలి దాకా నేశాను. ఆ నీలం అంచుది విప్పి చూడండి, మెల్లగా."